తెలుగు బాలలకు ప్రపంచ సాహిత్యం: అనుసరణ నుంచి అనువాదం దాకా

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1946 జూలైలో, మ్యూనిక్ నగరంలో పిల్లల పుస్తకాల ప్రదర్శన ఒకటి జరిగింది. దానిని నిర్వహించిన యెల్లా లెప్‌మాన్ జర్మన్ యూదు పాత్రికేయురాలు. హిట్లర్ పాలనలో దేశం విడిచి ఇంగ్లండులో తలదాచుకున్నారు. యుద్ధానంతరం అమెరికా సైనిక యంత్రాంగానికి స్త్రీల, బాలల విషయాల్లో సలహాదారుగా తిరిగి వచ్చారు. కొనడానికి డబ్బు లేదు కనుక ఇరవై దేశాలకు ఉత్తరాలు రాసి, పిల్లల పుస్తకాలు ఉచితంగా పంపమని కోరారు. జర్మన్ సైన్యాల దాడికి రెండుసార్లు గురైన బెల్జియం మొదట నిరాకరించి, ఆమె మళ్లీ రాసిన మీదట పంపింది. ఆ ప్రదర్శన నుంచే 1949లో మ్యూనిక్‌లో అంతర్జాతీయ బాలల గ్రంథాలయం, 1953లో పిల్లల పుస్తకాల అంతర్జాతీయ మండలి పుట్టాయి. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ జన్మదినమైన ఏప్రిల్ 2ను అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా 1967 నుంచి జరుపుతున్నది ఈ మండలే.

సాధారణంగా ఈ ప్రదర్శన గురించే ఎక్కువగా చెప్పుకుంటారు. అనువాద చరిత్ర దృష్టితో చూస్తే అంతకంటే ముఖ్యమైన చిన్న సంగతి మరొకటి ఉంది. ప్రదర్శనకు వచ్చిన జర్మన్ పిల్లలు అందులోని పుస్తకాల్లో చాలావాటిని చూడగలరే కానీ చదవలేరు. అందుకని లెప్‌మాన్ మన్రో లీఫ్ రాసిన ఫెర్డినాండ్ కథను తానే జర్మన్‌లోకి అనువదించారు. పోరాటం ఇష్టంలేక పూలు వాసన చూస్తూ కూర్చునే ఎద్దు కథ అది. దానిని వార్తాపత్రిక కాగితం మీద 30,000 ప్రతులు అచ్చువేయించి పిల్లలకు పంచారు. అద్దాల బీరువాలో ఉన్న ప్రపంచం వేరు, పిల్లవాడు ఇంటికి పట్టుకుపోగలిగిన ప్రపంచం వేరు. రెండోదానికి మాతృభాష కావాలి, అందుబాటు ధర కావాలి, ఊళ్లోకి వచ్చే దారి కావాలి.

తెలుగు బాలల విషయంలో ఈ రెండో పని ఎవరు చేశారు, ఏ పద్ధతిలో చేశారు అన్నది ప్రస్తుత వ్యాసానికి విషయం. బాలసాహిత్య చరిత్రలు అనువాదాలను సాధారణంగా జాబితాగా ఇచ్చి ముగిస్తాయి. ఆ జాబితా వెనుక ఒక వాదం నడిచింది. పరాయి పేర్లు, పరాయి వాతావరణం తెలుగు పిల్లవాడికి అడ్డు తగులుతాయా అన్నది ఆ వాదం. దీన్ని ఎవరూ సభల్లో చర్చించలేదు. ప్రతి అనువాదకుడూ తన పనిలోనే తీర్పు చెప్పాడు.

వేషం మార్చిన కథ

పరదేశపు కథకు తెలుగు వేషం వేయడం ఆధునిక తెలుగు వచనంతో పాటే మొదలైంది. గోల్డ్‌స్మిత్ నవల ఛాయలో రాజశేఖర చరిత్రమును రచించిన కందుకూరి వీరేశలింగం, స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రల నమూనాతో సత్యరాజా పూర్వదేశ యాత్రలు రచించారు. గలివర్ స్థానంలో సత్యరాజు వచ్చాడు. అతడు చూసిన విచిత్ర దేశాల్లో ఒకటి ఆడుమళయాళం. అక్కడ స్త్రీపురుషుల స్థానాలు తారుమారై ఉంటాయి. ఇంగ్లండు రాజకీయాలపై స్విఫ్ట్ ఎక్కుపెట్టిన వ్యంగ్యం తెలుగునాట సంఘసంస్కరణకు ఆయుధమైంది. ఇది పిల్లల కోసం రాసిన పుస్తకం కాదు. ఆ మాటకొస్తే గలివర్ యాత్రలూ కావు. కాలక్రమంలో పిల్లలు దానిని పెద్దల చేతుల్లోంచి లాక్కున్నారు. ఇక్కడ గమనించవలసింది పద్ధతి. మూలం ఎక్కడిదైనా, తెలుగు పాఠకుడి ముందు నిలబడే మనిషికి తెలుగు పేరు, తెలుగు లోకం ఉండాలి. వీరేశలింగానికి ఇది సంస్కర్తగా అవసరం కూడా. దూరదేశపు దోషాన్ని చూసి నవ్వుకుని పుస్తకం మూసేసే అవకాశం పాఠకుడికి ఇవ్వదలచలేదు ఆయన.

ఈ పద్ధతి బాలసాహిత్యంలో పరిపూర్ణత పొందినది చందమామలో. 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ఈ పత్రికలో 1952 నుంచి 1980లో మరణించేదాకా కొడవటిగంటి కుటుంబరావు పనిచేశారు. హోమర్ మహాకావ్యాలు తెలుగు పిల్లలకు అందినది అక్కడే. ఒడిస్సీ ‘రూపధరుని యాత్రలు’గా, ట్రాయ్ యుద్ధగాథ ‘భువనసుందరి’గా ధారావాహికలయ్యాయి. ఒడిస్యూస్ రూపధరుడు అయినాడు. హెలెన్ భువనసుందరి అయింది.

ఈ పేర్ల మార్పును వట్టి అలంకారంగా తీసుకోకూడదు. రూపధరుడు అన్న పేరు వినగానే తెలుగు పాఠకుడికి కాశీమజిలీ కథల లోకం తలపుకు వస్తుంది. రాక్షసులు, మాయలు, సముద్రయానాలు, దేవతల కోపాలు ఆ లోకానికి కొత్తవి కావు. అంటే గ్రీకు కావ్యం మన పురాణ సంప్రదాయంలో అప్పటికే సిద్ధంగా ఉన్న ఒక గూటిలో కుదురుకుంది. మౌఖిక సంప్రదాయం నుంచి వచ్చిన హోమర్ కథకు ఈ వేషం అతికినట్టు సరిపోయిందనే చెప్పాలి. పంచతంత్రం పహ్లవీ, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు వెళ్లినప్పుడు కరటక దమనకులు కలీలా, దిమ్నాలుగా మారి వెళ్లారు. కథలు పేరు మార్చుకుని ప్రయాణించడం ప్రాచీనమైన ఆచారం.

దీనికి చెల్లించిన మూల్యం మాత్రం ఒకటి ఉంది. ఆ ధారావాహికను నెలనెలా ఎదురుచూసి చదివిన పిల్లలు తాము ప్రపంచ సాహిత్యం చదువుతున్నామని ఎరుగరు. సముద్రాల అవతల గ్రీసు అనే దేశం ఉందని, అక్కడి పిల్లలూ ఇదే కథ విన్నారని తెలియకుండానే కథ అయిపోయింది. కళాశాలలో ఇంగ్లీషులో ఒడిస్సీ ఎదురైనప్పుడు ‘ఇది ఎరిగిన కథే’ అన్న ఆశ్చర్యం కలిగితే అది పత్రిక సాధించిన విజయమూ అవుతుంది, దాచిపెట్టిన సంగతీ అవుతుంది. దాచినది మూలం ఒక్కటే కాదు. అనుసరించిన కుటుంబరావు పేరు కూడా ఆ పుటల్లో కనిపించదు. పేరు లేని మూలం, పేరు లేని అనువాదకుడు. రెండూ ఒకే దృష్టి నుంచి వచ్చాయి. పిల్లలకు కథ చాలు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది వాళ్లకు అనవసరం అన్నది ఆ దృష్టి.

టామ్ సాయర్ తెలుగు మాట్లాడిన తీరు

దీనికి భిన్నమైన తీర్పు చెప్పినవారు నండూరి రామమోహనరావు. ఆంధ్రపత్రిక వారపత్రికలో పనిచేస్తున్న కాలంలో ఆయన మార్క్ ట్వేన్ నవలలను తెలుగు చేశారు. ట్వేన్ రచన ‘రాజు–పేద’గా, స్టీవెన్‌సన్ రచన ‘కాంచనద్వీపం’గా శీర్షికలు మార్చుకున్నా, టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ మాత్రం ఆ పేర్లతోనే అట్టమీదికి ఎక్కారు. మిసిసిపి నది గోదావరి కాలేదు.

ఇది సాధ్యం కావడానికి కారణం భాషలో వెతకాలి. హకల్‌బెరీ ఫిన్ మొదట్లోనే ట్వేన్ ఒక వివరణ చేర్చి, ఇందులో పలు మాండలికాలు వాడానని హెచ్చరిస్తాడు. చదువు మీద గౌరవం లేని కుర్రవాడు తన నోటితో తాను చెప్పుకునే కథ అది. గ్రాంథికంలో హక్ నోరు విప్పలేడు. గిడుగు రామమూర్తి తరం పోరాడి తెచ్చిన వాడుకభాష పత్రికల్లో స్థిరపడిన తర్వాతనే ఈ అనువాదాలకు వీలు చిక్కింది. కుర్రవాడి మాట తెలుగు కుర్రవాడి మాటలా వినిపిస్తే, అతడి పేరు టామ్ అయినా పాఠకుడు వెనుకాడడు. ఇంకోలా చెప్పాలంటే, వీరేశలింగం పేర్లలో, స్థలాల్లో చేసిన దేశీయీకరణను నండూరి వాక్యంలో చేశారు. పేర్లకు ఇక ఆ భారం లేకపోయింది. తెలుగు బాలసాహిత్య అనువాద చరిత్రలో నిజమైన మలుపు ఇదేనని, దీనికి దక్కవలసినంత విమర్శనాత్మక శ్రద్ధ దక్కలేదని చెప్పక తప్పదు.

పోలికకు ఒక సినిమా ఉంది. ఇదే ట్వేన్ కథ ఆధారంగా 1954లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో ‘రాజు–పేద’ చిత్రం వచ్చింది. లండన్ నగరపు ట్యూడర్ కాలం తెలుగు జానపద రాజ్యంగా మారిపోయింది. వెండితెరకు ఆ రోజుల్లో అది తప్పనిసరి కావచ్చు. అదే కథను పుస్తకంలో చదివిన పిల్లలకు ఇంకో అవకాశం దొరికింది.

ఈ దశలో తెరవెనుక ఉన్న ఆర్థిక బలాన్ని ఒక మాటలో చెప్పుకోవాలి. అది ప్రచ్ఛన్నయుద్ధ కాలం. అమెరికా రచనల అనువాదాలకు ఆ దేశపు సమాచార శాఖ భారతీయ భాషల్లో ప్రోత్సాహం ఇచ్చేది. ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో 1955లో మద్రాసులో దక్షిణ భాషల పుస్తక సంస్థ ఏర్పడింది. ఎవరి ప్రపంచం పిల్లల చేతికి రావాలన్న పోటీలో అవతలి పక్షం ఇంతకంటే చాలా పెద్ద ఎత్తున పనిచేసింది.

మాస్కోలో అచ్చయిన తెలుగు

విదేశీ భాషా ప్రచురణాలయం, 1963 తర్వాత ప్రగతి ప్రచురణాలయం, 1982లో దాని నుంచి విడివడిన రాదుగ అనే పేర్లతో సోవియట్ ప్రభుత్వ సంస్థలు మాస్కోలో తెలుగు పుస్తకాలు అచ్చువేశాయి. వాటిలో బాలల పుస్తకాలది ప్రత్యేకమైన వాటా. ‘అతడు–ఆమె’ నవలాకారుడిగా సుప్రసిద్ధులైన ఉప్పల లక్ష్మణరావు 1958 నుంచి దాదాపు పన్నెండేళ్లు మాస్కోలో ఉండి ఈ పనిచేశారు. రాళ్లబండి వెంకటేశ్వరరావు, నిడమర్తి ఉమారాజేశ్వరరావు వంటివారు ఆ పరంపరను కొనసాగించారు. ఆర్వీయార్ అన్న పొడి అక్షరాలతో కనిపించే రాళ్లబండి పేరు ఒక తరం పాఠకులకు ఇంటిమనిషి పేరు.

ఈ పుస్తకాలు తెలుగు పల్లెలకు వచ్చిన దారి బడి గుండా వెళ్లలేదు. విశాలాంధ్ర పుస్తక విక్రయశాలలు, వాటి సంచార వాహనాలు, పార్టీ సభల దగ్గర పరిచిన బల్లలు వాటికి అంగళ్లు. రంగుల బొమ్మలు, గట్టి కాగితం, నమ్మశక్యం కానంత తక్కువ ధర. ఆ ధర మార్కెట్టు నిర్ణయించినది కాదు, ఒక ప్రభుత్వం భరించినది. తల్లిదండ్రుల రాజకీయ విశ్వాసం ఏదైనా పిల్లలకు ఆ సంగతితో పనిలేకపోయింది.

అనువాద పద్ధతి దృష్ట్యా ఈ పుస్తకాలు సాహసమైనవి. రష్యన్, ఉక్రేనియన్ జానపద కథలు తెలుగులోకి వచ్చినప్పుడు ఇవాన్ రాజకుమారుడు విజయుడో విక్రముడో కాలేదు. రూబుళ్లు రూపాయలు కాలేదు. దీనికి సిద్ధాంతం కంటే ఆచరణాత్మకమైన కారణం ఒకటి కనిపిస్తుంది. బొమ్మలు రష్యన్ చిత్రకారులవి. అవే బొమ్మల చుట్టూ వేర్వేరు భాషల అక్షరాలు అచ్చయ్యేవి. ఉన్ని టోపీ, పొడుగు బూట్లు, మంచులో కూరుకుపోయిన చెక్క ఇల్లు పుటలో ఉండగా పక్కనున్న వాక్యంలో పంచెకట్టు పెట్టడం కుదరదు. బొమ్మ అనువాదకుడి చేతులు కట్టేసింది. ఆ కట్టుబాటే పిల్లలకు మేలు చేసింది. పుస్తకంలోని పరాయితనం వాళ్లకు కంటికి కనిపించింది. తెలియని మాటకు అర్థం పక్క బొమ్మలోనే ఉంది.

అర్కాదీ గైదార్ రచన ‘చుక్–గెక్’ను ఈ కోణంలో చూడవచ్చు. తండ్రి ఎక్కడో దూరపు అడవుల్లో భూగర్భ పరిశోధనలో ఉంటాడు. తల్లి ఇద్దరు కొడుకులను తీసుకుని మాస్కో నుంచి బయలుదేరుతుంది. అంతకుముందే అన్నదమ్ముల కొట్లాటలో ఒక టెలిగ్రాము కిటికీలోంచి మంచులోకి పోతుంది. ఆ సంగతి ఇద్దరూ తల్లికి చెప్పరు. ప్రయాణం వాయిదా వేసుకోమని ఆ టెలిగ్రాములో ఉంది. చాలా రోజులు రైలులో, ఆపైన గుర్రపు స్లెడ్జి మీద వెళ్లి చేరేసరికి అక్కడ కాపలాదారు తప్ప ఎవరూ ఉండరు. ఇందులో మంచు, టైగా అడవి, క్రెమ్లిన్ గంటలు, నూతన సంవత్సరపు ఫర్ చెట్టు తెలుగు పిల్లవాడి అనుభవంలో ఏనాడూ లేనివి. అన్నదమ్ముల కొట్లాట, తల్లికి చెప్పని నిజం, నాన్న కోసం ఎదురుచూపు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉన్నవే. కథ నడిచేది ఈ రెండో వరుస మీద. మొదటి వరుసను కోసేసి ఈ కథను మన్యం అడవులకో నల్లమలకో తరలించి ఉంటే పోయేది వాతావరణ వర్ణన ఒక్కటే కాదు. ఇంత దూరాన, ఇంత చలిలో ఉన్న పిల్లలు కూడా అచ్చం మనలాగే అబద్ధం దాచి భయపడతారన్న ఎరుక పోయేది. ప్రపంచ సాహిత్యం బాలపాఠకుడికి ఇవ్వగలిగిన ముఖ్యమైన వస్తువు అదే.

పేర్లను ఉంచేయడం గుడ్డి నియమం కాదనడానికి చుకోవ్‌స్కీ సృష్టించిన వైద్యుడు ఉదాహరణ. హ్యూ లాఫ్టింగ్ రాసిన ఇంగ్లీషు డాక్టర్ డూలిటిల్ కథలను ఆధారం చేసుకుని చుకోవ్‌స్కీ తన జంతువుల వైద్యుడిని తయారుచేశారు. అతడికి ‘ఐబలీత్’ అని పేరుపెట్టారు. రష్యన్‌లో అది ‘అబ్బా, నొప్పి’ అన్న రోగి మూలుగు. తెలుగులో అతడు ‘నొప్పి డాక్టరు’ అయ్యాడు. ఇక్కడ ధ్వనిని వదిలి అర్థాన్ని పట్టుకోవడమే సరైన పని. ఎందుకంటే మూలంలో ఆ పేరు పేరు కాదు, హాస్యం. అదే సమయంలో అతడిని ఏ ధన్వంతరిగానో మార్చలేదు. ఒక ఇంగ్లీషు వైద్యుడు రష్యనుడై, ఆ రష్యనుడు తెలుగు పిల్లల నోట ముద్దుపేరుతో పిలిపించుకున్న ఈ ప్రయాణంలో అనుసరణకూ అనువాదానికీ నడుమ గీసే గీత ఎంత పలచనిదో కనిపిస్తుంది. అనువాదకుడు ఎప్పుడు దేన్ని వదిలాడన్నదే పరిశీలించవలసిన విషయం.

ఈ పుస్తకాలు చూపిన ప్రపంచానికి హద్దులు లేకపోలేదు. అందులో సోవియట్ సమాజపు లోపాలు కనిపించవు. బడి, క్షేత్రం, కర్మాగారం అన్నీ వెలుతురులోనే ఉంటాయి. ఈ విమర్శ సరైనదే. అయితే బాల్టిక్ తీరం నుంచి మధ్య ఆసియా దాకా పలు జాతుల జానపద గాథలు తెలుగులో చదవగలిగిన పరిస్థితి అంతకుముందు లేదు, తర్వాతా సులభంగా రాలేదు. చింగీజ్ ఐత్మాతోవ్ ద్వారా కిర్గిజ్ స్తెప్పీ తెలుగు పాఠకుడికి పరిచయమైనది మాస్కో మీదుగానే.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో ఈ సరఫరా ఆగింది. పాఠకులు తగ్గినందున ఆగలేదు. పుస్తకాన్ని పోషించిన రాజ్యం లేకుండా పోయింది. దశాబ్దాల పాటు ఈ పుస్తకాలు వచ్చినా, వాటి స్థానాన్ని తీసుకోగల స్థానిక వ్యవస్థ ఒకటి తెలుగునాట తయారు కాలేదన్న సంగతి ఆ తర్వాతే బయటపడింది.

రైలుబడి

తర్వాతి కాలంలో ఆ పనిలో కొంత చిన్న ప్రచురణ సంస్థలు, ఉపాధ్యాయ బృందాలు భుజాన వేసుకున్నాయి. 1980లో ప్రారంభమైన హైదరాబాద్ బుక్ ట్రస్టు తొలి ప్రచురణగా అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి అనువాదంలో ‘ఏడు తరాలు’గా తెచ్చి, పరాయి చరిత్ర తెలుగు పాఠకుడికి ఎంత దగ్గరగా రాగలదో చూపింది. సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ సంస్థ పాత సోవియట్ బాలల పుస్తకాలను ఆ బొమ్మలతోనే తిరిగి అచ్చువేయడం మొదలుపెట్టింది.

ఈ దశకు ప్రతినిధిగా చెప్పదగినది తెత్సుకో కురోయనాగి రచన. 1981లో జపాన్‌లో వెలువడిన ఈ పుస్తకం డొరొతీ బ్రిటన్ చేసిన ఇంగ్లీషు అనువాదం ద్వారా ప్రపంచానికి తెలిసింది. జపనీస్ శీర్షికకు ‘కిటికీ పక్కన తొత్తోచాన్’ అని అర్థం. కిటికీ పక్కన కూర్చోబెట్టడమంటే జపాన్ కార్యాలయాల వాడుకలో పనిలేకుండా పక్కకు నెట్టడం. అల్లరి చేస్తోందని మొదటి బడి బయటికి పంపిన పిల్లకు ఆ శీర్షిక తగినది. తెలుగులో ఈ పుస్తకం ‘రైలుబడి’ అయింది. జపనీస్ శీర్షికలోని పిల్ల పక్కకు జరిగి బడి ముందుకు వచ్చింది. పాత రైలు పెట్టెలే తరగతి గదులుగా ఉన్న తొమోయె పాఠశాల తెలుగు అనువాదకులను అంతగా ఆకర్షించిందన్నమాట. ఈ మార్పు వెనుక కాలం ఉంది. ఇది పిల్లల పుస్తకంగానే కాక, ఉపాధ్యాయులు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకున్న పుస్తకంగా తెలుగునాట తిరిగింది. ర్యాంకుల చదువు పట్ల అసంతృప్తి పెరుగుతున్న రోజుల్లో కొబయాషి అనే ప్రధానోపాధ్యాయుడు, కొత్తగా చేరవచ్చిన పిల్ల మాటలను నాలుగు గంటలపాటు విన్నాడన్న సంగతి జపాన్ కంటే తెలుగు బడుల గురించే ఎక్కువ చెప్పింది.

ఆ పుస్తకంలో గ్రంథాలయ ప్రస్తావన ఉంది. ఒక రాత్రి బడికి మరో రైలు పెట్టె వస్తుంది. దానిని చూడడానికి పిల్లలు బడిలోనే పడుకుంటారు. ఆ పెట్టె గ్రంథాలయం అవుతుంది. ఎవరు ఏ పుస్తకమైనా తీసుకోవచ్చు, ఇంటికి పట్టుకుపోవచ్చు అంటాడు ప్రధానోపాధ్యాయుడు. పిల్లలందరూ ఒకే పెట్టెలో తలొక పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. యుద్ధం సాగుతున్న జపాన్‌లో, 1945 వైమానిక దాడుల్లో కాలిపోబోయే బడిలో జరిగిన ముచ్చట ఇది.

బడి బీరువా

తెలుగు దేశంలో గ్రంథాలయం పిల్లల దాకా వెళ్లలేదని అనడం చారిత్రకంగా తప్పు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా పఠనాలయాలు పెట్టించారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపి తీరగ్రామాల పాఠకులకు అందించారు. పుస్తకం పాఠకుడి దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన ఈ నేల మీద పుట్టి పెరిగిందే. ఆ ఉద్యమం పౌర గ్రంథాలయ శాసనాలకు దారితీసింది. బడి గ్రంథాలయం మాత్రం దాని పరిధిలోకి రాకుండా విద్యాశాఖ బీరువాగా ఉండిపోయింది.

1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం ప్రాథమిక పాఠశాలలకు పుస్తకాలు సమకూర్చే ఏర్పాటు చేసింది. 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, పత్రికలతో పాటు కథల పుస్తకాలూ ఉండాలని స్పష్టంగా చెప్పింది. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం మొదలైంది. ఈ వరుసను గమనిస్తే ప్రభుత్వ దృష్టి పుస్తకం ఉనికి నుంచి పఠన నైపుణ్యం వైపు జరిగినట్టు తెలుస్తుంది. పిల్లవాడు తరగతికి తగ్గట్టు చదవగలుగుతున్నాడా అన్నది కొలత. ఏమి చదువుతున్నాడన్నది ఆ కొలతలోకి రాదు. పుస్తకం పోతే ఉపాధ్యాయుడి పేరున లెక్క పడుతుందన్న భయం బీరువాకు తాళం వేయిస్తుందన్నది బడుల సంగతి తెలిసినవారందరూ ఎరిగినదే.

ప్రపంచ సాహిత్యం తెలుగు బడిలోకి వచ్చిన ఒకే ఒక అధికారిక ద్వారం చాలాకాలం ఇంగ్లీషు ఉపవాచకం. రాబిన్సన్ క్రూసో సంక్షిప్తరూపం, డికెన్స్ నవల కుదింపు, షేక్‌స్పియర్ నాటకాల కథాసారం పరీక్షకు పాఠ్యాలయ్యాయి. దీనివల్ల రెండు అపార్థాలు స్థిరపడ్డాయి. ప్రపంచ సాహిత్యమంటే ఇంగ్లీషు సాహిత్యం అన్నది మొదటిది. దానిని చదవడం భాషాభ్యాసం కోసమన్నది రెండోది. తెలుగు వాచకాల్లో విదేశీ కథ అప్పుడప్పుడు కనిపించినా, పాఠం చివరి ప్రశ్నలు దానిని నీతికథగా కుదించాయి. చందమామ తీర్పుకు బడి తీర్పుకు ఇక్కడ తేడా ఉంది. చందమామ దేశాన్ని దాచినా కథను బతకనిచ్చింది. బడి దేశం పేరు చెప్పి కథను ప్రశ్నలకు అప్పగించింది.

ఏ దేశాల కథలు రాలేదన్నది మరో సమస్య. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆగ్నేయాసియా భాషల బాలసాహిత్యం తెలుగులో చాలా అరుదు. మధ్యవర్తి భాష ఇంగ్లీషు కావడం వల్ల ఇంగ్లీషు ప్రచురణరంగం ఎంచుకోని పుస్తకం తెలుగు అనువాదకుడికి కనిపించదు. ఈ లోటు ఇటీవల కొంత పూడుతున్నది అంతర్జాలంలో. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వేదికలో స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్న కథలను ఎవరైనా తమ భాషలోకి తెచ్చుకోవచ్చు. ఆఫ్రికా దేశాల చిన్న కథలు అందులో ఉన్నాయి. అనువాదకుడి పేరు కథతోపాటే నమోదవుతుంది. కుటుంబరావు తరంలో దక్కని ఆ గౌరవం ఇప్పుడు ఒక బడిపంతులికీ దక్కుతోంది. నాణ్యత అన్నిచోట్లా ఒకేలా లేదు. ఇంగ్లీషు వాక్యం ఎముకలు బయటికి పొడుచుకు వచ్చే అనువాదాలు కొల్లలు. నండూరి చూపిన పాఠం, అంటే పేరు పరాయిదైనా వాక్యం మనదై ఉండాలన్నది, వీటిలో తలకిందులైంది. పేర్లు రాముడు, సీత. వాక్యం మాత్రం పరాయిది.

ఇంతలో బోధనామాధ్యమం మారింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పాఠశాలలు ఇంగ్లీషు మాధ్యమం వైపు నడిచాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. దీనివల్ల పిల్లలు ప్రపంచ పుస్తకాలను నేరుగా ఇంగ్లీషులో చదువుకుంటారన్న ఆశ వినిపిస్తుంది. పదేళ్ల పిల్ల ఆనందం కోసం ఒక నవలను చదవాలంటే భాష అడ్డురానంతగా వంటబట్టి ఉండాలి. ఆ స్థితి మొదటి తరం విద్యార్థులున్న ఇళ్లలో ఇంగ్లీషు విషయంలో ఇంకా రాలేదు, తెలుగు విషయంలో జారిపోతోంది. పునర్ముద్రణ పొందిన ‘చుక్–గెక్’ను కొంటున్నవారిలో చిన్నప్పుడు మాస్కో ప్రతిని చదివిన తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ల పిల్లలకు మంచు, టైగా, క్రెమ్లిన్ గంటలు అడ్డంకి కావు. బొమ్మలు చూసి కథ చెప్పమని అడుగుతారు. తెలుగు అక్షరాల దగ్గర ఆగిపోతారు. ఆ పుస్తకాన్ని ఇంట్లో ఎవరో ఒకరు పైకి చదివి వినిపించవలసి వస్తోంది.